పచ్చరంగంటే భయపడ్డ మనిషి

ఆవిడ పోయిన కబురు వచ్చేసరికి నా ముందున్న కంప్యూటర్ ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం చూస్తోంది.

నేనిప్పుడు విజయనగరంలో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూస్తున్నాను. ఆ రోజు సర్వర్లలో భద్రతా తనిఖీ ప్రోగ్రాం ఎక్కిస్తున్నాను. దానికి బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి తెర మీద ఒక్క వరుస కమాండ్ కొట్టాలి. ప్యాకేజీ మేనేజర్ అనేది దూరాన ఎక్కడో ఉన్న నిల్వలోంచి ఆ ప్రోగ్రాంనీ, అది బతకడానికి కావలసిన మరికొన్నిటినీ వెతికి, వాటి పేర్లు వరుసగా చూపించి, ఎక్కించమంటారా అని అడుగుతుంది. వై అంటే ఎక్కిస్తుంది. ఎన్ అంటే మానేస్తుంది. వై మీద వేలు పెట్టబోతుండగా ఫోన్ మోగింది. నేను ఇదివరకు పనిచేసిన ఫ్యాక్టరీ నుంచి అప్పలనాయుడు.

"అమ్మా, అప్ప ఎల్పోనాది," అన్నాడు. "తెల్లారగట్ట. నౌపడలోనే, తమ్ముడింటికాడ. రేపు పొద్దున్న మట్టి సేస్తారట."

అతను ఫోన్ పెట్టేశాక, కంప్యూటర్‌కి జవాబు చెప్పకుండానే లేచి వరండాలోకి వచ్చేశాను.

శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటారు. భోగాపురం దాటాక హైవేకి సముద్రం వైపున, మందుల ముడిసరుకు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో గేటు కాపలావాడి దగ్గర్నుంచి క్యాంటీన్ మనుషుల దాకా ఆవిణ్ణి అప్ప అనే పిలిచేవారు. ఉద్యోగం మాత్రం సర్వర్లన్నిటినీ చూసుకునే పెద్ద ఉద్యోగం. యాభై దాటిన మనిషి. సన్నగా, ఎత్తుగా ఉండేది. నేత చీర కట్టి, దాని కింద ఇనప ముక్కు ఉన్న నల్లటి సేఫ్టీ బూట్లు వేసుకునేది. ట్యాంకులుండే యార్డులోకి వెళ్ళేవాళ్ళకే ఆ బూట్లు అవసరం. ఈవిడ వాటితోనే ఆఫీసుకి వచ్చేది, వాటితోనే ఆదివారం చర్చికి వెళ్ళేది. పాస్టరుగారు ఓసారి నవ్వుతూ అడిగితే, "దేవుడు కాళ్ళు సూత్తాడేటండీ?" అందట.

నేను ఉద్యోగంలో చేరిన రోజు ఆవిడ నా చదువు అడగలేదు, అనుభవం అడగలేదు.

"నీకు వాసనలు తెలుస్తాయా?" అంది.

అర్థంకాక తెల్లబోయాను. "తెలుస్తాయండి."

"బాగా?"

"బాగానే తెలుస్తాయి."

"అలగయితే కూకో. ఆ కుర్చీ నీదే."

తర్వాత తెలిసింది. కరోనా వచ్చి తగ్గాక ఆవిడకి రుచి సగం తిరిగొచ్చింది గానీ వాసన మాత్రం రాలేదు. వస్తుందన్నారు డాక్టర్లు. కొన్నాళ్ళు చూసింది. మల్లెపూలు, కిరసనాయిలు, కాల్చిన చుట్ట, ఇలా ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేదట. ఆ తర్వాత చూడడం మానేసింది. ఎండుచేపల కూర తెచ్చుకుని ఏసీ గదిలో నెమ్మదిగా తింటూంటే మేం ముక్కులు మూసుకుని కిటికీలు తెరిచేవాళ్ళం. "పాపం, మీకు తెలుస్తాది కదా," అని నొచ్చుకునేది. మర్నాడు మళ్ళీ అదే కూర.

పొద్దున్నే గుమ్మంలో నిలబడి, లోపలికి అడుగు పెట్టకముందే అడిగేది: "ఏటైనా వస్తందా?"

"డీజిల్ వాసన అప్పా."

"ఇంకా?"

"క్యాంటీన్‌లో ఉప్మా మాడింది."

"అది రోజూ ఉన్నదే. ఇంకేటీ లేదు కదా?"

ఇంకేమీ లేదని నేను చెప్పాకే బ్యాగు బల్ల మీద పెట్టేది. మొదట్లో ఇదంతా నాకు నవ్వులాటగా ఉండేది. కానీ ఆ ఫ్యాక్టరీలో ముక్కు లేకపోవడం నవ్వులాట కాదు. యార్డులో పెద్ద పెద్ద ట్యాంకుల్లో సాల్వెంట్లు ఉండేవి. మందుల తయారీలో పొడుల్ని కరిగించడానికి వాడే ద్రవాలవి. ఆ ఆవిరి గాలికంటే బరువు. పైకి లేవదు. నేల మీద పాకి, పల్లం ఎక్కడుంటే అక్కడికి దిగి, కదలకుండా కూర్చుంటుంది. దాంట్లో చిక్కిన మనిషి కేకలు పెట్టడు. నిద్రొచ్చినట్టు ఒరిగిపోతాడు.

"మీకందరికీ ముక్కున్నాది," అనేది ఆవిడ. "నాకు గోడల మీద పెట్టెలే ముక్కు."

గోడల మీద పెట్టెలంటే గాలిలో ఆవిరిని పసిగట్టేవి. యార్డు చుట్టూ ఉండేవి. అవి పసిగట్టినదంతా యార్డు పక్కన ఇనప బీరువాలో ఉన్న ఒక పాత కంప్యూటర్‌కి చేరేది. అది ఆ సమాచారాన్ని కంట్రోల్ రూముకి పంపేది. అక్కడ గోడమీది ప్యానెల్‌లో ఒక అంకె కనిపించేది. అంకె హద్దు దాటితే ప్యానెలే సైరన్ మోగించేది.

అప్ప సర్వర్లకి చేపల పేర్లు పెట్టింది. వంజరం, చందువ, కానాగంత. బీరువాలో ఉన్న ఆ పాతదాని పేరు పీత. "పక్కకి నడుస్తాది, గోరంగా నడుస్తాది. గాని ఊసు మాత్రం మోసుకొస్తాది," అనేది.

ఆవిడ ప్రోగ్రాం ఎక్కించడం చూడవలసిందే. కమాండ్ కొట్టేసి చేతులు ఒళ్ళో పెట్టేసుకునేది. తెర మీద పేర్ల వరుస వచ్చేది. అడిగింది ఒక్క ప్రోగ్రామే అయినా దాని వెనకాల ఇంకా ఎన్నో దిగేవి. అద్దాలు తుడుచుకుని ఒక్కొక్క పేరూ పైకి చదివేది. పెళ్ళివారి విడిదింటి గుమ్మంలో నిలబడి దిగేవాళ్ళని పలకరించినట్టు ఉండేది.

"ఒక్కణ్ణి పిలిస్తే సుట్టాలందరూ బయల్దేరినారు. ఒసే, ఈడెవుల తాలూకు?"

నేను వెతికి చెప్పేదాన్ని. ఫలానా దాని తాలూకు, ఫలానా పనికి.

"సరే, రానీ. ఈడు?"

తెలియని పేరు ఒక్కటి ఉన్నా ఎన్ నొక్కేసేది. మర్నాడు కనుక్కుని మళ్ళీ మొదలు. కమాండ్ చివర చిన్న అక్షరం ఒకటి తగిలిస్తే ఇక ఏమీ అడక్కుండా అన్నీ ఎక్కించేసే వీలుంది. అందరూ అదే వాడతారు. నేనూ ఓసారి వాడబోతే నా చేతి మీద చిన్నగా కొట్టింది. "ముందే ఊఁ అనేస్తే మరింక మనవెందుకే ఇక్కడ? గాలికి తలుపు తీసి పడుకోడవే కదా!"

ఇంత జాగ్రత్త మనిషి గనకే, ఆ తనిఖీ ప్రోగ్రాం కావాలని మొట్టమొదట పట్టుబట్టింది కూడా ఆవిడే. ఏ కంప్యూటర్ తాళం ఊడి ఉందో, ఏది పాత పద్ధతిలో నడుస్తోందో, అది నియమాల ప్రకారం ఒక్కొక్కటీ చూసి చెబుతుంది. సరిగ్గా ఉన్నది పచ్చగా, లేనిది ఎర్రగా చూపిస్తుంది. పై అధికారుల్ని నెలల తరబడి విసిగించి సాధించింది. వంజరం మొదటిసారి పచ్చగా వచ్చిన రోజు క్యాంటీన్ నుంచి అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించింది. "సూడే, ఎంత ముద్దుగున్నాదో!" అని ఆ తెర చూసి మురిసిపోయింది.

ఆ ప్రోగ్రాంలో ఇంకో సదుపాయం కూడా ఉంది. తప్పు చూపించడమే కాకుండా, దిద్దమంటే తనే దిద్దేస్తుంది. పాత దారులు మూసేస్తుంది, తాళాలు బిగించేస్తుంది. అప్ప ఒక్కొక్క సర్వరునీ దగ్గరుండి దిద్దించుకుంటూ వచ్చింది. చందువ పచ్చబడింది. కానాగంత పచ్చబడింది. చివరికి పీత ఒక్కటే ఎర్రగా మిగిలింది.

తప్పు పట్టడంలో ప్రోగ్రాం పొరపాటేమీ పడలేదు. పీత పాత పద్ధతిలో, ఏ దాపరికమూ లేకుండా, ఎవరైనా వినగలిగేట్టు కంట్రోల్ రూముతో మాట్లాడుతుంది. ఆ పద్ధతి మూసెయ్యాలన్నది నియమం.

హైదరాబాదు నుంచి మాకొక మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. కూతురి పుట్టినరోజుకి కేకు తెచ్చి అందరికీ స్వయంగా కోసి పెట్టాడు. కానీ విదేశాల నుంచి కొనుగోలుదార్ల తరఫున తనిఖీకి మనుషులు వస్తారని తెలిసినప్పటి నుంచి అతని మొహంలో రక్తం లేదు. రోజుకి రెండుమూడుసార్లు మా గదికొచ్చి ఆ తెర ముందు నిలబడేవాడు.

"అప్పగారూ, అన్నీ బావున్నాయి. ఆ ఒక్క ఎరుపు తీసెయ్యండి."

"తియ్యకూడదు బాబూ."

"మీ ప్రోగ్రామే కదా చెబుతోంది, తప్పని!"

"అది సెప్పింది నిజవే. పీత వీధిలో నిలబడి అరుస్తాది. అందరికీ వినబడతాది. అలగని నోరు మూసేస్తే కంట్రోల్ రూముకి ఎవులు సెప్తారు? ముందు కొత్త పరికరం తెప్పించు. అది మాట్టాడ్డం మొదలెట్టినాక ఈ పాతదాని నోరు మూద్దుము."

"కొత్తది రావడానికి టైం పడుతుందండీ."

"అప్పటిదాకా ఎర్రగానే ఉంటాది. ఎర్రగా ఉంటే ఏటవుతాది? సిగ్గే కదా!"

అతను నవ్వడానికి ప్రయత్నించాడు. సరే, తనిఖీ అయ్యాక చూద్దాం అన్నాడు. ఆ మాటతో అయిపోయిందనుకున్నాం.

తనిఖీవాళ్ళు మర్నాడు వస్తారనగా, ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక అప్ప నన్ను వెంటబెట్టుకుని కంట్రోల్ రూముకి టీకి వెళ్ళింది. అది ఆవిడకి అలవాటు. అప్పలనాయుడు ఆపరేటర్‌గా ఉండేవాడు. ఫ్లాస్కులో అల్లం టీ పెట్టుకునేవాడు. ఆవిడ గ్లాసు పుచ్చుకుని, అందరిలా కిటికీలోంచి సముద్రం వైపు చూడకుండా, గోడ మీద అంకె వైపు చూస్తూ తాగేది.

ఆ రోజు టీ నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది.

"ఒరే నాయుడూ, ఈ అంకె ఎప్పట్నుండి ఇలగున్నాది?"

"పొద్దున్న డ్యూటీకొచ్చిన కాడ్నుండీ అంతే అప్పా. ఒక్కలాగే ఉన్నాది. మంచిదే కదా!"

అప్పుడు నేనూ చూశాను. మామూలుగా ఆ అంకె ఒక చోట ఉండదు. సముద్రం గాలి మారినా, లారీ వచ్చి ట్యాంకు నింపుతున్నా, కొంచెం పెరిగి, కొంచెం తగ్గి, ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. ఇప్పుడు గోడకి గీసిన బొమ్మలా ఉంది.

"మడిసి నాడి కదలకుండా ఉంటే మంచిదంటావేట్రా?" అంది అప్ప. గొంతు పెద్దది చెయ్యలేదు. గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఫోన్ తీసి మేనేజరుకి చేసింది. "బాబూ, పీత మీద ఏటైనా నడిపినావా?"

అటునుంచి అతని గొంతు మా అందరికీ వినబడింది. హుషారుగా ఉంది. "నిన్న సాయంత్రం నేనే దిద్దుబాటు ఇచ్చేశానండీ. మీకెందుకు శ్రమ అని. చూశారా, గ్రీన్ వచ్చేసింది!"

ఆవిడ ఫోన్ కట్ చెయ్యలేదు, అలాగే బల్ల మీద పెట్టేసింది. పీత నోరు మూతపడిపోయింది. ప్యానెల్‌కి కొత్త కబురు రాక, ఆఖరున విన్న అంకెనే పట్టుకుని కూర్చుంది.

"నాయుడూ, సైరన్ కొట్టు. సేత్తో కొట్టు."

"షిఫ్టు ఇన్‌చార్జి సెప్పాల అప్పా. లోపట లారీ దింపతన్నారు. ఊరికే కొడితే నా ఉద్యోగం పోద్ది."

"ఆడికి ఫోన్ సెయ్యి మరి. నాను ఎల్తన్నాను."

పరుగెత్తడం రాని మనిషి పరుగెత్తింది. నేనూ వెనకాల పరుగెత్తాను. యార్డు గేటు దగ్గరికి వచ్చేసరికి నాకు వాసన తగిలింది. తియ్యగా, గోళ్ళరంగు తుడిచే మందులాగా. మంచి ఎండ. ట్యాంకులు తెల్లగా మెరుస్తున్నాయి. లారీ ఇంజను చప్పుడు తప్ప మరో శబ్దం లేదు. ఎక్కడా ఏ తేడా కనబడలేదు.

ఆవిడ ఆగి నా మొహంలోకి చూసింది. "ఏటైనా వస్తందా?"

"వస్తోంది అప్పా."

"ఏ పక్కనుండి?"

"ఆ మూల. గుంట వైపు నుంచి."

యార్డు మూల వాననీళ్ళు చేరే కాంక్రీటు గుంట ఉంది. అక్కడ కాంట్రాక్టు కూలీలు దిగి బురద తీస్తుంటారు. గట్టు మీద వాళ్ళ చొక్కాలు, టిఫిన్ క్యారేజీ కనబడుతున్నాయి. మనుషులు కనబడడం లేదు.

"నివ్వు రాకు," అంది. "ఫైరోళ్ళ దగ్గరికి పరిగెట్టు. ముసుగులూ సిలిండర్లూ తెమ్మను. లారీవాణ్ణి ఇంజను ఆపమను."

"మీరూ వెళ్ళద్దు అప్పా!"

"నీకు వాసనొస్తంది, నీకు కాళ్ళాడవు. నాకేటీ రావట్లేదు." అని చీర చెంగు మొహానికి చుట్టుకుని ఆ బూట్లతో టకటకా వెళ్ళిపోయింది. చెంగు ఆ ఆవిరిని ఆపదని ఆవిడకి తెలుసు.

ఫైర్ విభాగం మనుషులతో నేను తిరిగి వచ్చేసరికి అప్ప నడుం దాకా బురదతో గుంట గట్టున బోర్లా పడుకుని ఉంది. ఒక కూలీ అప్పటికే గట్టు మీద ఉన్నాడు, వాంతి చేసుకుంటున్నాడు. రెండోవాడు సింహాచలం, ఇంకా గుంటలోనే ఉన్నాడు. వాడి చంకల కింద బురద తట్టలు లాగే తాడు బిగించి ఉంది. ఆ తాడు కొసని ఆవిడ రెండు చేతులకీ చుట్టుకుని, వాడి తల లోపలికి జారిపోకుండా పట్టుకుని ఉంది. పైకి లాగే బలం లేదు. వదలనూ లేదు. ముసుగులవాళ్ళు ఆ తాడుని ఆవిడ చేతుల నుంచి విడదీయడానికి చాలా కష్టపడ్డారు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడడం లేదు.

ఇద్దరు కూలీలూ బతికారు. రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇళ్ళకి వెళ్ళిపోయారు. అప్ప చాలా రోజులు ఉండవలసి వచ్చింది. కరోనాతో ముందే దెబ్బతిన్న మనిషి. ఊపిరితిత్తులు పాడయ్యాయి, మళ్ళీ మామూలు కావు అన్నారు.

ఫ్యాక్టరీలో విచారణ జరిగింది. నన్ను పిలిస్తే చూసింది చూసినట్టు చెప్పాను. శ్రద్ధగా విని, టీ ఇచ్చి పంపించారు. చివరికి తేల్చింది ఏమిటంటే, ప్యానెల్ ప్రకారం ఆ సమయంలో యార్డులో ఆవిరి హద్దుల్లోనే ఉంది. పీత భద్రతా నియమాలన్నిటికీ లోబడే ఉంది. తప్పు ఎక్కడైనా ఉంటే, అనుమతి లేకుండా యార్డులోకి వెళ్ళిన ఉద్యోగిది. విదేశీ తనిఖీవాళ్ళు వారం ఆలస్యంగా వచ్చారు. తెరంతా పచ్చగా ఉంది. మెచ్చుకుని వెళ్ళారు. వాళ్ళిచ్చిన కాగితానికి అద్దం బిగించి రిసెప్షన్‌లో పెట్టారు.

అప్పలనాయుణ్ణి స్టోర్సుకి మార్చేశారు. కంట్రోల్ రూములోకి కొత్తవాళ్ళు వచ్చారు. అప్ప రాజీనామా పంపింది. నేను ఇంకొన్నాళ్ళు ఉన్నాను. పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఎవరూ ఏమీ అడక్కపోయినా, నాకు నేనే గాలి పీల్చి చూసుకోవడం మొదలుపెట్టాను. ఇంటికి వెళ్ళినా అదే పని. వంటింట్లో, బస్సులో, పక్క మీద. అది భరించలేక ఉద్యోగం మానేశాను.

నౌపడకి రెండుమూడుసార్లు వెళ్ళి చూసి వచ్చాను. స్టేషన్ దిగితే ఉప్పు మడులు కనబడతాయి. తాటాకులు కప్పిన ఉప్పు కుప్పల మధ్య నుంచి బాట. తమ్ముడింటి అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉండేది. పక్కన ఆక్సిజన్ మిషను, దాని నుంచి ముక్కుకి గొట్టం. మిషను మీద ఒక పచ్చలైటు వెలుగుతూ ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ గొట్టం ఊడదీసి, అరచేతి దగ్గర పెట్టుకుని, గాలి తగులుతోందని చూసుకుని, మళ్ళీ ముక్కుకి పెట్టుకునేది.

"పచ్చలైటు ఉంది కదా అప్పా," అన్నాను ఓసారి.

"లైటుకి కరెంటొస్తంది. నాకు గాలి రావాల," అంది.

మేనేజరుని ఆవిడ దగ్గర నాలుగు మాటలు అన్నాను. నా కోపమంతా వెళ్ళగక్కాను. ఆవిడ అడ్డుపడలేదు. అంతా విని, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది: "ఆడొచ్చినాడు ఇక్కడికి. కమలాపళ్ళు తెచ్చినాడు. ఆ మూల కూకుండి ఏడిసినాడు. ఆడికీ పిల్లలున్నారు. ఆడు ఎర్ర సూసి బయపడినాడు. నాను పచ్చ సూస్తే బయపడతన్నాను. అంతే తేడా."

"ఆ ప్రోగ్రాం మనం తెప్పించకుండా ఉంటే..." అన్నాను.

"అలగనకు. దాని తప్పేటున్నాది? అడిగిన పని సేసింది. తెప్పించమన్నది నానే. బజ్జీలు పెట్టింది నానే." నవ్వబోతే దగ్గొచ్చింది. తగ్గాక చాలాసేపు ఉప్పు మడుల వైపు చూస్తూ ఉండి, నెమ్మదిగా అంది: "ఆ రోజు గుంటకాడ నాకేటీ తెలీలేదే. గాలి గాలిలాగే ఉన్నాది. సల్లగా, హాయిగా ఉన్నాది. అదీ నాకిప్పటికీ బయం."

అదే నేను ఆవిడ నోట విన్న ఆఖరు పెద్ద మాట. తర్వాత ఫోన్లో అయితే ఊఁ, ఆఁ తప్ప మాట్లాడలేకపోయేది.

కబురు వచ్చిన మర్నాడు పొద్దున్నే రైల్లో నౌపడ వెళ్ళాను. చర్చి నిండిపోయింది. బాప్టిస్టు సంఘంవాళ్ళు, ఉప్పు మడుల్లో పనిచేసే ఆడవాళ్ళు, వ్యాను మాట్లాడుకుని వచ్చిన ఫ్యాక్టరీ కూలీలు. మేనేజరు రాలేదు. పూలదండ పంపాడు. పెట్టెని స్మశానానికి మోసేటప్పుడు ముందు వైపు పట్టుకున్నవాళ్ళలో సింహాచలం ఉన్నాడు. మట్టి వేశాక అతను పక్కకి వచ్చి, తలపాగా తుండుతో మొహం కప్పుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"నా తల్లమ్మా అది," అన్నాడు. "కన్నతల్లైనా అలగ పట్టుకునుండదు."

ఏదో ఒకటి అడగాలని అడిగాను. "ఇప్పుడెక్కడ చేస్తున్నావు?"

"అక్కడేనమ్మా. అదే యార్డు. మరెక్కడికి పోతాం!"

"భయంగా లేదా?"

"మునుపుండేదమ్మా. ఇప్పుడు లేదు." కళ్ళు తుడుచుకుంటూ, నాకు ధైర్యం చెబుతున్నట్టే అన్నాడు. "మా గొడవ జరిగినాక కొత్త అలారం పెట్టినారు కదా. పాతదుండేది సూడండి, గాలి మళ్ళితే కూత, లారీ వస్తే కూత, సెవులు పోయేయి. ఇది బాగా నెమ్మది. పెట్టిన కాడ్నుండి ఇప్పటిదాకా ఒక్కసారీ కూయలేదు."



"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

"పోనీ, పరీక్షకైనా ఎవరైనా మోగించి చూశారా?"

సింహాచలం తుండు భుజాన వేసుకుని ఆలోచించాడు. "మోగించడవేటమ్మా? మోగితే పనాగిపోద్ది. పచ్చలైటు ఎలుగుతంది, అంతా బాగున్నాదని సార్లు సెప్పినారు."

స్మశానం గోడ అవతల వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. కూలీలు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు.

"ఎల్తానమ్మా. సాయంత్రం డ్యూటీ ఉన్నాది. ఇవాళ గుంట కడగాల," అని సింహాచలం అటు నడిచాడు. ఆ మోగని అలారాన్ని నమ్మి దిగొద్దని వెనకాలే చెబితే, "దిగకపోతే కూలి ఎవులిస్తారమ్మా?" అనేసి వ్యానెక్కాడు.

ఫోన్ తీసి ఎవరికి చెయ్యాలా అని చూశాను. మేనేజరుకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఈసారి కట్ చేశాడు. కంట్రోల్ రూములో ఇప్పుడున్న మనుషులెవరో నాకు తెలియదు. అప్పలనాయుడు స్టోర్సులో ఏం చెయ్యగలడు? ఇటు చూస్తే వ్యాను కదలడానికి సిద్ధంగా ఉంది.

వెళ్ళి మెట్టు మీద కాలు పెట్టాను.

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. "అమ్మా, ఇది స్టేషనుకెళ్ళదండి. తిన్నగా ఫ్యాక్టరీకే."

"అక్కడికే వెళ్ళాలి," అన్నాను.

ఆ గేటు లోపలికి వెళ్ళడానికి నా దగ్గర కార్డు లేదు. గేటు దగ్గర ఎవరికి ఏం చెప్పాలో, చెబితే ఎవరు వింటారో తెలియదు. సింహాచలం పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.